న్యాయశాస్త్రపఠనమునకు మన బాలికల సన్నాహము

ఇంటర్మీడియట్ చదువు బాలిక “నేను లాయరు నయ్యెద” నన్నంతనే మన యిండ్లలో పెద్దలు ఒకరి మొగ మొకరు చూచుకొందురు. కోర్టుపక్షులతో ఆడుదాని కేమి పొత్తని యొకరు, వాదించు పిల్లకు సంబంధములు రావని యొకరు పలుకుదురు. మా యిబ్రహీంపట్నమున కృష్ణయొడ్డున నిలిచి చూచిన ఆవలిగట్టు అమరావతిసీమ. మన రాష్ట్రపు హైకోర్టు 2019నుండి అచ్చటనే నడచుచున్నది. న్యాయస్థాన మింత చేరువకు వచ్చినను మన సందేహములు మాత్రము తొలగలేదు.

ఇవి నేటి సందేహములు గావు. 1916లో రెజీనా గుహ యను నామెకు, స్త్రీ యగుటచేతనే, కలకత్తా హైకోర్టువారు వకీలువృత్తి ననుమతింపరైరి. 1923లో చట్టము వచ్చినపిమ్మటగాని యా యడ్డంకి తొలగలేదు. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయమ్మగారు బాల్యవివాహమును, చెఱసాలను దాటి, 1942లో మద్రాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రపట్టము పొందిరి. పిదప రాజ్యాంగసభలో సభ్యురాలైరి. 1978లో అమరేశ్వరిగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టున ప్రథమ మహిళా న్యాయమూర్తి యైరి.

ఇక మార్గము. ఇంటర్మీడియట్ పిదప నైదేండ్ల చదువు, డిగ్రీ పిదప మూడేండ్ల చదువు. రెంటికిని ‘లాసెట్’ అను ప్రవేశపరీక్ష గలదు. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినను బాధ లేదు. తొంబది నిమిషములలో 120 ప్రశ్నలు: సామాన్యజ్ఞానము, బుద్ధికుశలత 30; వర్తమానవిషయములు 30; న్యాయశాస్త్రాభిరుచి 60. ప్రశ్నలు తెలుగున గూడ నుండును; తప్పునకు మార్కు కోయరు. విశాఖపట్టణమందలి దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము, హైదరాబాదునందలి నల్సారు కోరువారు ‘క్లాట్’ వ్రాయవలెను. అది యాంగ్లముననే యుండును; నాలుగు తప్పుల కొక మార్కు పోవును.

మా యింటివారు బడిపంతులగుటచే పరీక్షలకు సిద్ధపడు పిల్లలను మేము నిత్యము చూచుచున్నాము. పెక్కండ్రు గైడుపుస్తకములు వల్లించుటయే సన్నాహమనుకొందురు. అది చాలదు. సంగతిని సరిగా వినుట, సూత్రమును దానికి అన్వయించుట ముఖ్యము. ఇది మన కెఱుగని విద్య గాదు. నిండుకొలువున ద్రౌపది యడిగిన ప్రశ్నను తలపుడు. తనది కానిదానిని పరుల కిచ్చు నధికార మెవనికిని లేదు: ఇది సూత్రము. ధర్మజుడు ముందు తన్ను తానొడ్డి యోడెను: ఇది సంగతి. పిమ్మట భార్య నొడ్డుట చెల్లునా? జాలిని ప్రక్కకుంచి నిర్ణయము చెప్పుమని బాలిక నడుగుడు. మఱునాడు, భార్యపై భర్త యధికార మెన్నడును పోదన్న ప్రతిపక్షమును ఆమెచేతనే వాదింపజేయుడు. రెండు పక్షములను నిలుపగలిగిననాడు ఆమె న్యాయవిద్యకు తగినదైనట్లే. భారతము విని పెరిగిన తల్లి యీ సాధనను వంటయింటనే చేయింపవచ్చును.

రెండవది వార్తాపత్రిక. మన యిండ్లలో నది మగవారందరు చదివినపిమ్మట పప్పులడబ్బాల క్రిందికి పోవును. ఉదయ మొక యరగంట దానిని బాలిక కీయుడు. రాజ్యాంగమందలి ప్రాథమికహక్కుల భాగమును తెలుగుననే దినమున కొక పుట చదివింపుడు. ఆ వేళ నీళ్లు తోడుమని, తమ్ముని నెత్తుకొమ్మని పిలువకుడు.

పట్టము వచ్చినంతనే వాదింప వీలులేదు. బార్ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని అఖిలభారత బార్ పరీక్షలో నెగ్గవలెను. ఇంత శ్రమ యేల యందురేమో. 2005 సవరణతో దేశమంతట హిందూ కుటుంబముల కూతునకు ఉమ్మడియాస్తిలో కొడుకుతో సమానమైన హక్కు కలిగినది. అయినను ఎందఱు కూతుండ్రు పుట్టింటివారు వ్రేలు చూపినచోట, కాగితము చదువకయే సంతకము చేయుటలేదు! చట్ట ముండుట వేఱు, దానిని చదువగల ఆడుది యింట నుండుట వేఱు.

కావున తల్లులారా! లాసెట్టు దరఖాస్తు వేసెదనని యడుగు బిడ్డను “పెండ్లి యైనపిమ్మట చూతము” అని త్రిప్పి పంపకుడు. ముందామె వాదము పూర్తిగా వినుడు.