కాల్ ధర ఎక్కువైతే షేరు పెరుగుతుందా?

ఒక షేరు ఇప్పుడు 1000 రూపాయలు పలుకుతోంది. సరిగ్గా ఏడాది తర్వాత దాన్ని అదే 1000కి కొనే హక్కు కాల్ ఆప్షన్. 1000కి అమ్మే హక్కు పుట్ ఆప్షన్. కాల్ ఖరీదు 145 రూపాయలు, పుట్ ఖరీదు 80 అనుకుందాం. కాల్‌కే ఎక్కువ పలుకుతోంది కాబట్టి షేరు పెరుగుతుందని మార్కెట్ నమ్ముతోందా? కాదు. ఆ 65 రూపాయల తేడాలో జోస్యమేమీ లేదు.

ఎలాగో చూద్దాం. ఒకరు షేరుతో పాటు పుట్ కొన్నారు. ఖర్చు 1080. మరొకరు కాల్ కొని, 7 శాతం వడ్డీకి 935 రూపాయలు బ్యాంకులో వేశారు. ఖర్చు అంతే, 1080. ఏడాదికి ఆ 935 దాదాపు 1000 అవుతుంది.

షేరు 1300కి చేరితే మొదటివారి దగ్గర 1300 విలువైన షేరుంటుంది. రెండోవారు బ్యాంకులోని 1000తో కాల్ వాడుకుని అదే షేరు కొంటారు. షేరు 700కి పడిపోతే మొదటివారు పుట్ సాయంతో 1000కి అమ్మేస్తారు. రెండోవారు కాల్ వదిలేస్తారు. బ్యాంకులో 1000 ఉండనే ఉంది.

ఎటు తిరిగినా ఇద్దరికీ దక్కేది ఒకటే. కాబట్టి ఈ రోజు పెట్టే ఖర్చూ ఒకటే కావాలి. లేకపోతే చవకైనదాన్ని కొని, ఖరీదైనదాన్ని అమ్మి, నష్టభయం లేకుండా లాభం తీసేవాళ్లుంటారు. ఆ లావాదేవీలే తేడాను చెరిపేస్తాయి.

దీన్ని పుట్-కాల్ సమతుల్యత అంటారు. బ్లాక్-షోల్స్ సూత్రం 1973లో రాకముందే, 1969లో హాన్స్ స్టాల్ దీన్ని వివరించారు. బంతి పోయిన దారి తెలియకపోయినా శక్తి నిత్యత్వ నియమంతో దాని వేగం లెక్కగట్టినట్టే, షేరు ఎటు కదులుతుందో తెలియకుండానే ఈ లెక్క తేలుతుంది. నిఫ్టీ ఆప్షన్ల మాదిరిగా గడువు రోజునే వాడుకునే ఆప్షన్లకు ఇది వర్తిస్తుంది. మధ్యలో డివిడెండ్ వచ్చే షేరైతే తేడా ఆ మేరకు తగ్గుతుంది.

పెరుగుతుందన్న నమ్మకం ఉంటే అది ముందే షేరు ధరలో కలిసిపోతుంది. కాల్, పుట్ రెండూ ఖరీదెక్కితే భారీ ఊగిసలాట రావచ్చన్న అంచనా ఉన్నట్టు. ఏ వైపుకో మాత్రం అది చెప్పదు.

2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. ప్రీమియంల తేడాను చూసి డబ్బు పెట్టేముందు, అందులో ఎక్కువ భాగం వట్టి వడ్డీయేనని గుర్తుంచుకోవాలి.