ఉపముఖ్యమంత్రి పదవి: కడప చెప్పు పాఠము

చీనీ తోటలకును అరటి తోటలకును పేరుపడిన లింగాల, పులివెందుల శాసనసభా నియోజకవర్గములోనిది. 2019 నుండి 2024 వరకు ఆ నియోజకవర్గపు ప్రతినిధి శ్రీ వై.ఎస్. జగన్మోహన్ రెడ్డిగారే రాష్ట్ర ముఖ్యమంత్రి. ఆ కాలముననే జిల్లా కేంద్రమైన కడప ప్రతినిధి శ్రీ ఎస్.బి. అంజాద్ బాషాగారు ఉపముఖ్యమంత్రి. ముఖ్యమంత్రి చేయు పని యేమో లింగాల రచ్చబండమీద అందరును చెప్పగలరు. ఉపముఖ్యమంత్రి చేయు పని యేమని అడిగినచో సమాధానము అంత సులభము కాదు. కడప నాయకుని రాజకీయ జీవితమును ఆధారముగా గొని ఆ ప్రశ్నను విచారింతము.

అంజాద్ బాషాగారి ప్రజాజీవితము కడప నగరపాలక సంస్థలో కార్పొరేటరుగా ఆరంభమైనది. 2014లో ఆయన కడప నుండి శాసనసభకు ఎన్నికై ప్రతిపక్షమున కూర్చుండిరి. 2019లో ఏబది వేలకు మించిన ఆధిక్యముతో మరల గెలుపొంది, జూన్ 8న మంత్రిగా ప్రమాణస్వీకారము చేసిరి. నాడు నియమితులైన ఉపముఖ్యమంత్రులు ఐదుగురు. షెడ్యూల్డు కులములు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతులు, కాపులు, మైనారిటీలు - ఒక్కొక్క వర్గమునకు ఒక్కరు. 2022 ఏప్రిల్‌లో మంత్రివర్గమును పునర్నిర్మించినప్పుడును ఆయన ఆ పదవిలోనే నిలిచిరి. 2024 ఎన్నికలలో శ్రీమతి రెడ్డెప్పగారి మాధవీరెడ్డిగారి చేతిలో ఓడిపోయిరి.

మన రాజ్యాంగమున ముఖ్యమంత్రి ప్రసక్తి కలదు, మంత్రుల ప్రసక్తి కలదు. ఉపముఖ్యమంత్రి మాట మాత్రము లేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ నియామకములు రాజ్యాంగ విరుద్ధములు కావనియు, ఉపముఖ్యమంత్రి మొట్టమొదట ఒక మంత్రియే యనియు స్పష్టపరచెను. అనగా ఆ పేరు గౌరవమును ఇచ్చును గాని, మంత్రికి లేని చట్టబద్ధమైన అధికారమును ఈయదు.

ఈ పదవి మనకు క్రొత్తది కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి కాగా, నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి అయిరి. 1956లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైన పిమ్మట ఆయనయే ఆ పదవిని చేతికి అక్కఱలేని ఆరవ వ్రేలుగా భావించి, ఎవరికిని ఈయలేదని ప్రసిద్ధి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని పెద్దమనుషుల ఒప్పందము చెప్పినది. అప్పుడు తూచినది ప్రాంతములను. 2019లో తూచినది సామాజిక వర్గములను.

ఇక అసలు బలము శాఖలో నుండును. అంజాద్ బాషాగారి శాఖ మైనారిటీ సంక్షేమము. వక్ఫు ఆస్తులు, హజ్ యాత్ర, ఉర్దూ అకాడమీ, మైనారిటీ విద్యార్థుల సహాయము మున్నగునవి దాని పరిధిలోనివి. ఆయన మంత్రిగా నున్నప్పుడే, 2022 మార్చిలో, ఉర్దూను రాష్ట్రమంతటను రెండవ అధికార భాషగా చేయు బిల్లును శాసనసభ ఆమోదించెను. కడప వీధులలో ఉర్దూ వినని దినము లేదు గనుక ఇది ఆ ఊరివారికి చిన్న విషయము కాదు.

అయినను ఒక సందేహము మిగులును. కడపకే చెందిన అహ్మదుల్లాగారు కాంగ్రెసు మంత్రివర్గములలో ఉన్నప్పుడును ఈ శాఖనే నిర్వహించిరి. ముస్లిం నాయకునికి తనవారి శాఖయే దక్కుట గౌరవమా, గిరి గీయుటయా? ప్రక్కనున్న తెలంగాణలో మహమూద్ అలీగారు 2014లో ఉపముఖ్యమంత్రియై రెవిన్యూ శాఖను, 2018 పిమ్మట మంత్రిగా హోంశాఖను చేపట్టిరి. ఆ శాఖల ఆజ్ఞ అన్ని వర్గములవారి గడపకును చేరును.

కడప వోటరు మాత్రము ఏ గిరియు గీయలేదు. అది ముస్లిములకు ప్రత్యేకించిన స్థానము కాదు. అయినను 1994 నుండి 2019 వరకు వరుసగా ఆరు సాధారణ ఎన్నికలలో ఖలీల్ బాషా, అహ్మదుల్లా, అంజాద్ బాషాగారలు రెండేసి మార్లు, మూడు వేర్వేరు పార్టీల పక్షమున, అచ్చట గెలిచిరి. అన్ని మతములవారి వోట్లును కలిసిననే అది సాధ్యము. 2024లో ఆ వరుసను ఆపినవారును ఆ వోటర్లే.

కావున, క్రొత్త మంత్రుల జాబితా రేడియోలో విన్నప్పుడు బిరుదు వద్దనే ఆగిపోక, శాఖ పేరు వచ్చువరకు చెవియొగ్గవలెనని మా మనవి. ఏ వర్గమువారికి ఎంత పాలు దక్కినదో అచ్చట తెలియును.