రాయి దాచిన కర్ర ఇల్లు

కొల్లేటి గట్టున నిలబడి చుట్టూ చూడండి. కనుచూపు మేర చదునైన నేల. విసరడానికి ఒక గులకరాయి దొరకడమే గగనం. కృష్ణ, గోదావరి నదులు వేల సంవత్సరాలుగా మోసుకొచ్చిన ఒండ్రుమట్టి ఇది. ఆ రెండు డెల్టాల నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు.

ఇప్పుడు ఏలూరు నుంచి ఉత్తరంగా బయలుదేరండి. నేల మెల్లమెల్లగా ఎత్తవుతుంది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వస్తుంది. తాడేపల్లిగూడెం నుంచి వచ్చేవారికీ ఈ మెట్టనేలే ఎదురవుతుంది. సుమారు 40 కిలోమీటర్లు పోయాక, కామవరపుకోటకు చేరువలో, జీలకర్రగూడెం దగ్గర ఇసుకరాతి కొండలు కనిపిస్తాయి. అవే గుంటుపల్లి గుహలున్న కొండలు. రాతిలో గదులు తొలవాలంటే రాయి ఉన్నచోటికే పోవాలి కదా! బౌద్ధ భిక్షువులు ఈ కొండను ఎంచుకోవడానికి అదొక కారణం.

అద్దాల బీరువాలు లేని మ్యూజియం ఇది. రండి, నడుస్తూ చూద్దాం.

మెట్లెక్కగానే కొండ వాలులో తొలిచిన గదులు కనిపిస్తాయి. ఇవి విహారాలు, అంటే భిక్షువుల నివాసాలు. బౌద్ధ భిక్షువులు ఊరూరా తిరిగేవారు. వానాకాలంలో మాత్రం ఒకచోట నిలిచిపోవాలని వారి నియమం. అప్పుడు వారికి నీడనిచ్చింది ఈ రాయే.

కాస్త ముందుకు నడిస్తే గుండ్రని చైత్యగృహం వస్తుంది. ద్వారంపైన గుర్రపు లాడం ఆకారంలో కమాను చూశారా? లోపలికి వెళ్లండి. గది వ్యాసం సుమారు 5.5 మీటర్లు. మధ్యలో స్తూపం, చుట్టూ ప్రదక్షిణ చేయడానికి దారి. ఇది క్రీస్తుపూర్వం 2వ శతాబ్ది నాటిదని పండితుల అంచనా. ఆ స్తూపాన్నే ఇక్కడివారు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తున్నారు.

ఇప్పుడు తల పైకెత్తండి. గుమ్మటం లోపల వంపు తిరిగిన వాసాలు వరుసగా కనిపిస్తాయి. అయితే అవి కర్ర వాసాలు కావు, రాతిలో చెక్కినవి!

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. ఈ వాసాలు దేన్ని మోస్తున్నాయి?

దేన్నీ మోయడం లేదు. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో బ్రూనెలెస్కి అనే శిల్పి 1420లో మొదలుపెట్టి 1436లో ముగించిన గుమ్మటాన్ని చూడండి. ఇటుక మీద ఇటుక పేర్చి పైకి కట్టారు. అక్కడ పక్కటెముకల వంటి కమానులకు పని ఉంది. గుంటుపల్లి గుమ్మటాన్ని ఎవరూ కట్టలేదు. కొండలోంచి తొలిచి తీశారు. కొండే దానికి ఆధారం. వాసాలు లేకపోయినా కప్పు కూలదు.

మరి పనిలేని వాసాలను అంత శ్రమపడి ఎందుకు చెక్కినట్టు? శిల్పికి తెలిసిన చైత్యం కర్రతో కట్టినది కాబట్టి. మన కోస్తా ఊళ్లలోని చుట్టిల్లును గుర్తుచేసుకోండి. గుండ్రని గోడ, పైన ఒకచోట కలిసే వాసాలు, వాటి మీద తాటాకు. అటువంటి ఇంటినే అతడు రాతిలోకి దించాడు. ఆనాటి కర్రను చెదలు తిన్నది, వాన కుళ్లబెట్టింది. దాని రూపు మాత్రం రాతిలో మిగిలింది.

ఇది ఊహ మాత్రమేనా? కాదు. మహారాష్ట్రలోని కార్లే గుహలో రాతి కప్పుకు బిగించిన ప్రాచీన కర్ర వాసాలు నేటికీ ఉన్నాయి. బీహారులోని బరాబర్ కొండల్లో లోమశ ఋషి గుహ ద్వారమూ కర్ర కట్టడానికి రాతి నకలే. మూడు చోట్లా ఒకే సాక్ష్యం దొరికితే ఆ ఊహకు బలం చేకూరుతుంది. శాస్త్రం నడిచే దారి ఇదే.

ఇంకొంచెం నడిస్తే శిథిలమైన మంటపం, ఇటుక చైత్యం, గుంపుగా చిన్న చిన్న స్తూపాలు. మంటపం స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో శాసనముంది. మంటపాన్ని దానం చేసింది రాజు కాడు. సిరి సద అనే రాజు దగ్గర పనిచేసిన ఒక లేఖకుడు!

ఇక ఒక ముఖ్యమైన మాట. ఇసుకరాయి అంటే ఇసుక రేణువులు సహజమైన సిమెంటుతో అతుక్కొని ఏర్పడిన రాయి. ఆ అతుకు వదిలితే రేణువు రాలిపోతుంది. వాన, ఎండ ఈ పనిని నెమ్మదిగా చేస్తాయి. మేకుతో పేరు చెక్కే చేయి ఒక్క నిమిషంలో చేస్తుంది. చెట్టు కొమ్మ విరిస్తే మళ్లీ చిగురిస్తుంది. రాయి చిగురించదు. లేఖకుడి అక్షరం మీద మీ పేరు పడితే, రేపు చదవవలసినవారికి సాక్ష్యమే మిగలదు.

కాబట్టి వెళ్లేటప్పుడు మేకు కాదు, నోటుపుస్తకం, కొలత టేపు తీసుకెళ్లండి. గుమ్మటం బొమ్మ గీయండి. వాసాలు ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి. తిరిగి వచ్చాక మీ ఊళ్లో పాత చుట్టిల్లు ఎక్కడైనా మిగిలి ఉంటే దాని కప్పు కిందా నిలబడి లెక్కించండి. రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడండి.