మీకు తెలుసా? ఇంద్రావతి సుడుల్లో తేలని లెక్క

బస్తర్‌లోని చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి నది సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, కింద పడేసరికి నీటి వేగం గంటకు దాదాపు 86 కిలోమీటర్లు. ఆ జోరంతా ఏమైపోతుంది? పెద్ద సుడులు చిన్నవిగా, అవి ఇంకా చిన్నవిగా చీలిపోయి, చివరికి నీటి జిగట వల్ల వేడిగా మారతాయి. మరి నీళ్లు కాగవేం అంటారా? పెరిగే వేడి డిగ్రీలో పదిహేనో వంతు మాత్రమే!

వానలు తగ్గి నీరు తేరుకున్నాక వెళితే అంచునే గమనించండి. రాతి మీద నునుపుగా వంగిన నీటిపొర కాస్త కిందికి రాగానే చిట్లి తెల్లబడుతుంది. నురగ ఉన్నచోటే అల్లకల్లోలం (టర్బులెన్స్) ఉంటుందనుకుంటే మాత్రం పొరపాటే. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నని రంగుధార వదిలి చూశాడు. వేగం పెంచితే ఒక దశలో ఆ ధార చెదిరిపోయింది. వేగాన్ని వెడల్పుతో గుణించి జిగటతో భాగిస్తే వచ్చేదే రేనాల్డ్స్ సంఖ్య. గొట్టాల్లో అది 2,000 దాటాక ఈ చెదరడం మొదలవుతుంది. రెండు మీటర్ల లోతుతో సెకనుకు ఒక మీటరు చొప్పున సాగే ఏటికి, వెడల్పు బదులు లోతు తీసుకుంటే, అదే సంఖ్య దాదాపు 20 లక్షలు! జగదల్‌పూర్ పక్కన ఎంతో నెమ్మదస్తురాలిలా కనిపించే ఇంద్రావతి కూడా లోపల సుడుల పుట్టే. వానాకాలంలో ఒండ్రు అడుగుకు దిగకుండా నీటిలో తేలుతూ పోయేది ఆ సుడుల చలవతోనే.

ఇంతకీ నీటి కదలికకు సమీకరణాలు లేవా? నావియే 1822లో, స్టోక్స్ 1845లో ఇచ్చిపోయారు. వాటిని పరిష్కరించడమే కష్టం. పైన చెప్పిన ఏటిలో రెండు మీటర్ల ఘనాన్ని అతి చిన్న సుడితో సహా కంప్యూటర్‌లో పట్టాలంటే, మోటు లెక్కన కోటి కోట్ల బిందువుల పైమాటే. అందుకే ఇంజినీర్లు సగటు ప్రవాహాన్ని లెక్కకట్టి, సుడుల ప్రభావాన్ని ఒక నమూనాతో అంచనా వేస్తారు. టర్బులెన్స్ మోడలింగ్ అంటే ఇదే. బాగా వాడుకలో ఉన్న కె-ఎప్సిలాన్ మోడల్‌లో 0.09 అనే స్థిరాంకం ఉంటుంది. అది ప్రయోగాలతో పొసగేలా పెట్టుకున్న అంకె. ఒకరకంగా ఈ మోడలింగ్ నేర్పుగా వేసే ఊహే. అయినా విమానాల రెక్కల నుంచి స్పిల్‌వేల దాకా పని నడిపిస్తోంది.

బెంగళూరు ఐఐఎస్సీలో నరహరి రావు, రొద్దం నరసింహ, బద్రి నారాయణన్ ఈ రంగంలో పేరున్న పరిశోధన చేశారు. గోడను ఆనుకుని పారే ప్రవాహంలో ఉండుండి అలజడి ఎగదన్నుతుంది. ఎంతసేపటికోసారి అన్నది గోడ దగ్గరి పరిస్థితుల కన్నా బయటి ప్రవాహాన్ని బట్టి ఉంటుందని 1971లో చూపారు. చాలామందికి అది మింగుడుపడని మాట.

భద్రకాళి దగ్గర మన గోదావరిలో కలిసే ఈ నీటి చలనాన్ని వర్ణించే నావియే-స్టోక్స్ సమీకరణాలకు ఎప్పుడూ సాఫీ పరిష్కారం ఉంటుందో లేదో తేల్చినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తామని క్లే గణిత సంస్థ 2000లో ప్రకటించింది. ఆ సొమ్ము ఇంకా ఎవరికీ దక్కలేదు.