మేడమీది కుక్కపిల్లకు శుచి నేర్పుట

కుక్కను పెంచుట మనకు క్రొత్త కాదు. పెరడును, వీధి అరుగును ఉన్న ఇంటిలో కుక్కపిల్లకు మలమూత్ర విసర్జనమును గురించి ప్రత్యేకముగా పాఠము చెప్పవలసిన అవసరము అంతగా ఉండెడిది కాదు. వాకిలి తెరచియుండెడిది, మన్ను నాలుగడుగుల దూరమున ఉండెడిది, పిల్ల తానే బయటకు పోయి నేర్చుకొనెడిది. హైదరాబాదు నగరమునకు పడమట మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతముల స్థితి వేరు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినప్పుడు ఆ చుట్టుపట్ల విరివిగా కనిపించినవి బండరాళ్లును, పొదలును. ఈనాడు అక్కడ ఆకాశమునంటు మేడలు లేచినవి. ఇరువదవ అంతస్తున కాపురమున్న కుటుంబము రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకొనినచో, దానికిని మన్నునకును నడుమ ఒక తలుపు, ఒక నడవ, ఒక లిఫ్టు, ఒక గేటు ఉన్నవి. ఇన్నియు దాటువరకు ఆ పసిప్రాణి ఆగజాలదు.

ఆగలేని పిల్ల తివాచీని తడుపును. మొదటి దినము ఇంటివారు నవ్వుదురు; పదవ దినము విసుగుకొందురు; నెల తిరుగునప్పటికి ‘దీనికి బుద్ధి రాదు’ అని తీర్పు చెప్పుదురు. అటుపిమ్మట పిల్లను బాల్కనీలో కట్టివేయుటయో, మరియొకరికి అంటగట్టుటయో, కొన్ని యెడల వీధిలో విడిచివేయుటయో జరుగుచున్నది. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును నిష్కారణముగా విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము మాట అటుండగా, మనుష్యుల చేతి కూడు తప్ప ఎరుగని పిల్లకు వీధిలో బ్రతుకు దుర్లభము. కనుక ఈ పాఠము నేల శుభ్రమునకు మాత్రమే సంబంధించినది కాదు. ఆ కుక్క ఆ యింట నిలుచునా, నిలువదా అను ప్రశ్న దీనిలో ఇమిడియున్నది.

‘అయినచో దినమునకు ఆరు మారులు క్రిందికి తీసికొనిపోవచ్చును గదా’ అని కొందరు అనవచ్చును. దానికి ఒక అడ్డంకి ఉన్నది. పార్వో వైరసు అను సూక్ష్మజీవి 1978లో తొలిసారి గుర్తింపబడి, కొద్ది యేండ్లలోనే ప్రపంచమంతటను వ్యాపించినది. అది రోగగ్రస్తమైన కుక్క మలము ద్వారా నేలలో చేరి, నెలల తరబడి నశింపక యుండును. దాని వాత బడిన పసిపిల్లలలో, చికిత్స అందనిచో, బ్రతుకునవి తక్కువ. టీకా ఉన్నది, కాని ఒక్క టీకాతో రక్షణ పూర్తి కాదు. తల్లిపాల వలన వచ్చిన రోగనిరోధకశక్తి పిల్ల రక్తములో ఉన్నంతకాలము టీకా పనిచేయుటకు అది అడ్డుపడును. అందుచేతనే ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సులో మొదటి టీకా వేసి, పదునారు వారములు నిండువరకు మూడు నాలుగు వారములకొకసారి మరల వేయుదురు. అంతవరకు పలు కుక్కలు తిరుగు నేలపై పిల్లను దింపుట క్షేమము కాదు. ఈ రెండు నెలల ఎడమును దాటించుటకు ఇంటిలోపలనే ఒక చోటు కావలెను. ఆ చోటే ద్రవమును పీల్చు ప్యాడు.

ఈ ప్యాడు నిర్మాణము పసిబిడ్డల డయపరు వంటిదే. పైన నీరు సులభముగా దిగు పలుచని వస్త్రము. నడుమ కలపగుజ్జు దూదియు, దానిలో సోడియం పాలీఅక్రిలేట్ అను తెల్లని పలుకులును. అడుగున నీటిని జారనీయని ప్లాస్టిక్ పొర. ఆ పలుకులు తమ బరువునకు అనేక రెట్లు ద్రవమును పీల్చుకొని జిగురుముద్దగా మారును. స్వచ్ఛమైన నీటిని అవి వందల రెట్లు పీల్చగలవు. మూత్రములో ఉప్పు ఉండుటచేత దానిని అంతకంటె చాల తక్కువగా పీల్చును. ఈ జాతి పదార్థములపై 1970 దశకములో అమెరికా వ్యవసాయశాఖవారి పియోరియా ప్రయోగశాలలో విశేషకృషి జరిగినది. మొక్కజొన్న పిండిని వినియోగించి చేసిన ఆ పదార్థము నేలలో తేమ నిలుపుటకు ఉపయోగపడునని వారు తలచిరి. పొలము కొరకు తలపెట్టిన గుణము నేడు పొలములేని ఇండ్లలో ఈ విధముగా పనికివచ్చుచున్నది.

అయితే ప్యాడు ద్రవమును పీల్చునే గాని పాఠము చెప్పదు. పాఠము చెప్పవలసినది మనము. అందులకు ముందుగా కుక్కపిల్ల స్వభావమును తెలిసికొనవలెను. పుట్టిన పిల్ల తనంతట తాను మూత్రము విడువలేదు. తల్లి నాలుకతో నాకి విడిపించును, ఆ స్థలమును శుభ్రము చేయును. ఇంచుమించు మూడు వారములు నిండిన తరువాత పిల్ల తడబడు అడుగులతోనే పడుకొను చోటు విడిచి కొంచెము దూరము పోవ నారంభించును. పడక మైల కారాదను బుద్ధి కుక్కజాతికి పుట్టుకతోనే కలదు. అమెరికాలోని బార్ హార్బరులో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు బహుకాలము కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథము ప్రకటించిరి. ఎనిమిదిన్నర వారముల ప్రాయమున పిల్లలు విసర్జనమునకు నిర్ణీత స్థలములు ఏర్పరచుకొనుట మొదలిడునని వారు గమనించిరి. మన దేశమున 2017 నాటి నియమములు ఎనిమిది వారములు నిండని పిల్లను విక్రయింపరాదని విధించినవి. అనగా పిల్ల మన గడప తొక్కునది సరిగా అలవాటు స్థిరపడు తరుణముననే. ఆ వారము వ్యర్థము చేయరాదు.

మరియొక రహస్యము కలదు. కుక్కపిల్ల ‘ఇది ప్యాడు, ఇది తివాచీ’ అని పేర్లతో నేర్చుకొనదు. పాదముతోను, ముక్కుతోను నేర్చుకొనును. కాలిక్రింద మెత్తగా నుండి, తడిని పీల్చునది ఏదైనను దానికి ఒక్కటే. అందుచేత ప్యాడు వాడు ఇంటిలో మొదట తడియునవి గుమ్మము ముందరి పట్టాయును, స్నానపుగది ముందరి గుడ్డయును, హాలులోని తివాచీయును. ఇది పిల్ల మొండితనము కాదు; నేర్చిన పాఠమును అది మరియొక చోట అప్పగించుచున్నది. మొదటి ఆరువారములు ఈ పట్టాలను, తివాచీలను చుట్టి అటకపై నుంచినచో సగము పని తీరినట్లే. పూర్వము పాత వార్తాపత్రికలు పరచి నేర్పినవారికి సైతము ఇట్టి చిక్కే ఎదురగుచుండెడిది: ఇంకను చదువని ఉదయపు పత్రిక నేల బడినను పిల్ల దానిని తన సొత్తుగా భావించెడిది.

ఇక స్థలము. వంటగది వెనుక బట్టలుతుకు యుటిలిటీ గాని, నీడపట్టున నుండు బాల్కనీ మూల గాని మేలు. బాల్కనీకి పిల్ల దూరని కటకటాలు ఉండవలెను. అన్నము పెట్టు గిన్నెకును, పడకకును ఆ చోటు దూరముగా నుండవలెను. భోజనస్థలమున విసర్జించుటకు కుక్క ఇష్టపడదు. తొలి దినములలో మూడు నాలుగు ప్యాడులు కలిపి పరచి, గురి కుదిరిన కొలది ఒక్కొక్కటి తగ్గించవలెను. చోటు మాత్రము మార్చరాదు.

స్థలము తరువాత కాలము. నిద్ర లేచిన వెంటనే, తిన్న పది ఇరువది నిమిషములకు, ఆట ముగిసిన వెంటనే, రాత్రి పడుకొనబోవుటకు ముందు పిల్లను ఎత్తుకొనిపోయి ప్యాడుపై నిలుపవలెను. పగటివేళ మెలకువగా నున్నప్పుడు రెండు నెలల పిల్లకు గంట, గంటన్నరకొక మారు అవసరము కలుగును. నేల వాసన చూచుచు గుండ్రముగా తిరుగుట మొదలిడినచో ఇక నిమిషము వ్యవధి కూడ లేదని గ్రహింపవలెను. అన్నము వేళకు పెట్టినచో విసర్జనమును వేళకు వచ్చును. దినమంతయు గిన్నె నిండియున్న ఇంట ఏ వేళయు వేళ కాదు. నీటిని మాత్రము ఎన్నడును తగ్గింపరాదు.

ప్యాడుపై నిలిపినప్పుడు ఒక్క మాట అనవలెను. ‘కానీ’ అనుడు, మరేదైన అనుడు. ఇంటిల్లిపాది ఆ మాటే అనవలెను. నాయనమ్మ ఒక మాట, పిల్లలు ఇంగ్లీషులో ఒక మాట, పనిమనిషి మరియొక మాట అన్నచో ఆ పసిదానికి మూడు పాఠశాలలలో చదివినట్లగును. పని ముగిసిన తక్షణమే, రెండు క్షణములు దాటకుండ, మెచ్చుకొని ఒక చిన్న తినుబండము నోట బెట్టవలెను. గంట కొట్టి అన్నము పెట్టినచో తరువాత గంట శబ్దమునకే కుక్క నోరూరునను సంగతి రష్యను శాస్త్రజ్ఞుడు పావ్లోవు పేరుతో మనమందరము విన్నదే. ఒక సంకేతమును, దాని వెంట వచ్చు ఫలమును మనస్సు ముడివేయవలెనన్నచో ఆ రెంటి నడుమ వ్యవధి కొద్దిగా నుండవలెను. ప్యాడు దిగి వంటగదికి వచ్చిన పిదప ఇచ్చిన బహుమానము వంటగదికి వచ్చినందుకే అని అది తలచును.

దండనకును ఇదే న్యాయము వర్తించును. తడిసిన నేలకు పిల్ల ముక్కు రాచుట, చుట్టిన పత్రికతో కొట్టుట మన ఇండ్లలో తరచుగా జరుగు పొరపాట్లు. గడచిపోయిన పనికి దండన పడుచున్నదని పిల్లకు తెలియదు. మనుష్యుని యెదుట విసర్జించుట అపాయమని మాత్రము తెలియును. అటుపిమ్మట అది సోఫా వెనుక దాగి పని ముగించును. ప్యాడుపై మనము నిలిపినప్పుడు బిగబట్టును. ‘తప్పు చేసినట్లు దానికి తెలుసు, ముఖము చూడుడు’ అందురు. 2009లో న్యూయార్కుకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను పరిశోధకురాలు దీనిని పరీక్షించిరి. ఆ తలవంచిన చూపు తప్పు చేసినందున గాక, యజమాని గద్దించినందున కలుగునని, తప్పు చేయని కుక్కలు సైతము గద్దించినప్పుడు అట్లే చూచెనని తేలినది. కనుక పొరపాటు కంటబడినచో మెల్లగా ఎత్తి ప్యాడుపై నిలుపుడు. ముందే జరిగిపోయియున్నచో మాటలాడక తుడువుడు.

తుడుచుటలోను మెలకువ కావలెను. మన కంటికి పోయిన మరక కుక్క ముక్కునకు పోదు. అమోనియా కలిసిన ద్రవములు మూత్రపు వాసనను తలపించి పిల్లను మరల అచటికే పిలుచును. ఫినాయిల్ ఘాటు పిల్లకు హానికరము. తడినేలపై నడిచి పాదములు నాకుకొనును గదా. మొదట కాగితముతో అద్ది, నీటితో కడిగి, ఇట్టి మరకలకై అమ్ము ఎంజైము ద్రవమును వాడుట మంచిది. ప్యాడు చోట మాత్రము దీనికి విపరీతముగా చేయవలెను: మార్చినప్పుడు పాతదాని తడి ముక్కనొకదానిని క్రొత్తదాని క్రింద ఉంచినచో ఆ వాసనయే దారి చూపును.

ఐ.టి. ఉద్యోగుల ఇండ్లలో అన్నిటికంటె కఠినమైన ప్రశ్న ఒంటరితనము. 2020లో లాక్‌డౌను నాడు ఇంటినుండి పనిచేయుచు కుక్కపిల్లలను తెచ్చుకొన్నవారు, ఆఫీసులు తెరచిన పిదప ఈ చిక్కును బాగుగా ఎరుగుదురు. స్థూలముగా ఒక లెక్క చెప్పుదురు: పిల్ల వయస్సు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపినచో అది బిగబట్టగల గంటలు వచ్చును. మూడు నెలల పిల్లకు నాలుగు గంటలే మిక్కిలి. ఆఫీసు తొమ్మిది గంటలు, రాకపోకలు రెండు గంటలు అయినచో ప్యాడు ఒక్కటియే ఆ లోటు పూడ్చదు. మధ్యాహ్నమున ఒక మనిషి రావలెను. ఊరినుండి వచ్చియున్న తల్లిదండ్రులు గాని, పొరుగువారు గాని, జీతమునకు వచ్చు వారు గాని ఉండవలెను. అట్టి ఏర్పాటు లేనివారు పిల్లను తెచ్చుకొనుటకు ముందే ఆలోచించుట న్యాయము.

టీకాలు పూర్తియైన పిదప ప్యాడు పని క్రమముగా ముగియవలెను. దినమునకు జానెడు చొప్పున దానిని ద్వారమువైపు జరుపుచు, తుదకు వాడిన ప్యాడు ముక్కను క్రింద తోటలో మన్నుపై పరచినచో పాదమునకు పాతగుర్తును, ముక్కునకు క్రొత్త నేలయును ఒకేసారి పరిచయమగును. మొదటి మారు మన్నుపై విసర్జించిన దినమున బహుమానము రెట్టింపు చేయుడు. వేసవిలో రాతిబాటలు కాలునుగనుక తెల్లవారుజామునను, ప్రొద్దుగ్రుంకిన పిదపను తీసికొనిపోవలెను. లిఫ్టులో కుక్కను నిషేధింపరాదని భారత జంతుసంక్షేమ మండలి 2015లో సూచించినది; తమ కుక్క చేసిన మైలను తీసివేయుట యజమానుల బాధ్యతయని కూడ గుర్తుచేసినది. చేత ఒక కాగితపు సంచి లేనివాడు మొదటి మాటను ఉదహరించుట తగదు.

వాడిన ప్యాడులను మరుగుదొడ్డిలో వేయరాదు. ఆ జిగురు ఉబ్బి గొట్టమును మూయును. అవి మన్నులో కలిసిపోవు పదార్థము కూడ కాదు. 2016 నాటి ఘనవ్యర్థ నియమములు డయపర్ల వంటి వానిని కాగితములో చుట్టి వేరుగా అప్పగింపవలెనని చెప్పినవి; ప్యాడులను కూడ అట్లే చుట్టి, తడిచెత్తలో కలపకుండ ఇచ్చుట మర్యాద. దినమునకు నాలుగైనచో నెలకు నూటయిరువది అగును. ఉతికి వాడుకొను గుడ్డప్యాడులు ఖర్చును, చెత్తను రెండింటిని తగ్గించును.

చివరగా ఒక హెచ్చరిక. చక్కగా నేర్చిన పిల్ల ఉన్నట్లుండి మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రము విడుచుచున్నచో అది అల్లరి కాదు, రోగమై యుండవచ్చును. వాంతులును, నెత్తుటి విరేచనములును కనిపించినచో ఆ దినముననే పశువైద్యునకు చూపవలెను. ప్యాడు తెల్లగా నుండుటచేత ఇట్టి మార్పు ముందుగా కంటబడును. నేర్పువానికిది అదనపు లాభము. చాల పిల్లలు నాలుగు మొదలు ఆరు నెలల ప్రాయమునకు ఈ పాఠమును చాలవరకు నేర్చుకొనును. కొన్నింటికి సంవత్సరము పట్టును. ఆ కొద్ది నెలల ఓర్పునకు ప్రతిఫలముగా అది పది, పదిహేనేండ్లు మన గడప కాచును.