గోదావరి వెంట భోజన యాత్ర

పిల్లలూ, గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుందని మీ పాఠ్యపుస్తకంలో ఉన్నది. కాని ఆ ప్రయాణం చివర, రాజమండ్రి దాటిన తరవాత, ఒడ్డు వెంట ఏ ఊళ్ళో ఏం తినాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఆ లోటు తీర్చటానికే ఇది రాస్తున్నాను.

కిందటి వేసవి సెలవుల్లో మా మేనకోడలూ, మేనల్లుడూ హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చారు. దానికి పదమూడేళ్ళు, వాడికి పదేళ్ళు. వచ్చిన రోజు నుంచీ వాడిది ఒకటే పాట: "మామయ్యా, నాకు పులస చేప కావాలి!" పుస్తెలు అమ్మి అయినా పులస తినాలని గోదావరి జిల్లాల్లో ఒక సామెత ఉన్నది. దాన్ని వాడు ఎక్కడో విని వచ్చాడు. ఇది మే నెల అనీ, పులసకు వేళ కాదనీ నేను చెప్పాను గాని, వాడు వినిపించుకోలేదు. సరే, రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా బస్సుల్లో పోతూ, దారిలో చిన్న చిన్న హోటళ్ళలో తింటూ వెళదామని బయలుదేరాం.

రాజమండ్రి పేరు 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం. బస్సు కండక్టరు మటుకు రాజమండ్రి అనే అరుస్తాడు. అక్కడ పొద్దున్నే పెసరట్టు తిని, ఎండ ఎక్కాక రోజ్‌మిల్కు తాగాం. చల్లని పాలల్లో గులాబీరంగు పాకం కలిపి ఇస్తారు. మా వాడు రెండు గ్లాసులు తాగి, మూతికి మీసంతో బస్సెక్కాడు.

ధవళేశ్వరంలో దిగి ఆనకట్ట చూశాం. సర్ ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు 1847లో మొదలుపెట్టి, 1852 నాటికి ఇక్కడ మొదటి ఆనకట్టను పూర్తి చేయించాడు. దాని స్థానంలో ఇప్పుడున్న బారేజిని 1982 నాటికి కట్టారు. అంతకుముందు ఒక ఏడు కరువుతోనూ, ఇంకొక ఏడు వరదతోనూ అల్లాడిన డెల్టా ఈ నీటితోనే అన్నపూర్ణ అయింది. మనం ఈ యాత్రలో తిన్న ప్రతి మెతుకూ ఒకవిధంగా ఈ గోడ పెట్టినదే.

మా వాడు గోడ వంక చాలాసేపు చూసి, "మామయ్యా, పులస సముద్రంలోంచి వస్తుందన్నావుగా? ఈ గోడ ఎలా ఎక్కుతుంది?" అన్నాడు.

"ఎక్కలేదురా," అన్నాను.

పులస పుట్టేది మంచినీటిలో, పెరిగేది సముద్రంలో. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని ఇక్కడివాళ్ళు విలస అంటారు. జులైలో ఎగువన వానలు కురిసి, గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు అది గుడ్లు పెట్టటానికి ఏటికి ఎదురీదుతుంది. అప్పుడు దాని పేరు పులస. సముద్రంలో బాగా తిని ఒంట్లో కొవ్వు పేర్చుకుని, ఆ బలంతోనే ఎదురీదుతుంది. ఆ కొవ్వే దాని రుచి. బెంగాలు వాళ్ళు ప్రాణం పెట్టే ఇలిష్ కూడా ఈ చేపే. ఆనకట్ట లేని రోజుల్లో అది ఇంకా పైకి పోయేది. ఇప్పుడు దాని ప్రయాణం ధవళేశ్వరం గోడతో సరి.

ఆ రోజు నది నీరు పచ్చగా, తేటగా ఉన్నది. మా వాడు అది చూశాడు గాని, ఏమీ అనలేదు.

బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం చేరాం. పూతరేకులకు పుట్టిల్లు ఈ ఊరే. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అనగా ఆత్రేయపురం పూతరేకులు అనే పేరు ఎవరుపడితే వాళ్ళు వాడుకోవటానికి వీల్లేదు. మిఠాయి కొట్లో కొనుక్కుని పోవటం కాదు, చెయ్యటం చూడాలని మా మేనకోడలు పట్టుబట్టింది. ఒక ఇంటి వసారాలో ఒకావిడ కుండ ముందు కూర్చుని ఉన్నది. కుండను బోర్లించి, పక్కనున్న కంతలో నుంచి లోపలికి మంట పెడుతున్నది. పల్చటి గుడ్డను బియ్యపు పాలలో ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్క లాగు లాగింది. మనం కన్నుమూసి తెరిచేలోపల కుండ మీద తెల్లని పొర! దాన్ని చివర పట్టుకుని ఒలిచి పక్కన పెట్టింది. వెలుతురుకు అడ్డం పెడితే అవతలి మనిషి కనిపించాడు.

ఇందులో ఉన్న కిటుకు ఇది: బియ్యంలో పిండిపదార్థం ఉంటుంది. అది తడిగా ఉండి వేడి తగిలితే ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని జిగురవుతుంది. గంజి చిక్కబడేది అందుకే. ఇక్కడ పూత మరీ పల్చన గనక, జిగురు అవటమూ, నీరు ఆవిరి అయిపోవటమూ ఒక్క క్షణంలో జరిగిపోతాయి. మిగిలేది కాగితం లాంటి రేకు. పూత పూస్తే వచ్చిన రేకు గనక పూతరేకు. పెళుసుగా ఉండే రేకును తడిగుడ్డతో కొంచెం మెత్తబరిచి, నెయ్యి రాసి, చక్కెరపొడో బెల్లంపొడో చల్లి మడుస్తారు.

మా మేనకోడలు తనూ ఒకటి తీస్తానన్నది. ఆవిడ నవ్వి గుడ్డ ఇచ్చింది. మొదటి రేకు చినిగింది. రెండోది మందంగా అట్టులా వచ్చింది. మూడోసారి వేలు కాలింది. "ఎన్నాళ్ళకు వచ్చిందండీ మీకు?" అని అడిగింది. "చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని నేర్చానమ్మా. పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే. వేసవిలో కష్టమే," అన్నది ఆవిడ. ఆ తరవాత పూతరేకుల ధర ఎక్కువని మా పిల్లలు అనలేదు. ఒక పెట్టె కొనుక్కున్నాం.

ఆ రాత్రి అంబాజీపేటలో బంధువుల ఇంట్లో పడుకుని, పొద్దున్నే పొట్టిక్కలు తిన్నాం. అంబాజీపేట కొబ్బరి బజారుకు పేరుపడ్డ ఊరు గనక, చట్నీకి కొదవ లేదు. పొట్టిక్క అంటే ఇడ్లీకి అన్నగారు అనుకోండి. నాలుగు పనసాకులను కొబ్బరి ఈనె ముక్కలతో కుట్టి బుట్టలా చేస్తారు. అందులో మినప్పిండీ, బియ్యపు రవ్వా కలిపి పులియబెట్టిన పిండి పోసి, ఆవిరి మీద ఉడికిస్తారు. రాత్రంతా పిండిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు పనిచేసి వాయువును పుట్టిస్తాయి. మినుముల జిగట ఆ బుడగలను పోనివ్వదు. అందుకే పిండి పొంగుతుంది, పొట్టిక్క దూదిలా వస్తుంది. పనసాకు వాసన మటుకు ఏ పళ్ళెంలో వండినా రాదు. కర్ణాటకలో మంగళూరు వైపు కూడా ఇలాగే పనసాకు బుట్టల్లో వండుతారు. రెండు సముద్రాల ఒడ్డున ఒకే ఆలోచన!

అమలాపురం దాటి పోతూ మధ్యాహ్నానికి ఒక ఊళ్ళో ఆగాం. ఊరి పేరు చెప్పను, హోటలు పేరు అంతకన్నా చెప్పను. పాక ముందు నల్లబల్ల మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు: "నేడు పులస పులుసు". మా వాడు అది చూసి గంతు వేశాడు. ధర అడిగితే నాకు గుండె గుభేలుమన్నది. అయినా వాడి మొహం చూసి, ఒక్క ముక్క తెప్పించాను.

ఆకు మీద అన్నం, పక్కన పులుసు గిన్నె, బెండకాయ ముక్కల మధ్య చేప ముక్క. మా వాడు చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు గాని తినటం మొదలుపెట్టలేదు. ముక్క వంక చూశాడు, నా వంక చూశాడు. చివరకు యజమానిని పిలిచి, "అంకుల్, నిన్న మేం ధవళేశ్వరంలో చూశాం. గోదావరి పచ్చగా ఉంది. ఎర్రనీరు రాకుండా పులస ఎలా వచ్చింది?" అన్నాడు.

"ఆయ్... అదీ..." అని యజమాని తల గోక్కున్నాడు. తరవాత నవ్వేసి, నా వైపు తిరిగి, "బాబు పట్టేశాడండీ. ఇది ఐసుపెట్టెలో వచ్చిన విలసండి. పులసని రాస్తేగాని కార్లు ఆగవండి మరి!" అన్నాడు.

మా వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. వాడు అంత ఆశపడ్డ చేపను వాడే కాదని తేల్చుకున్నాడు! యజమానికీ మనసు నొచ్చినట్టున్నది. గిన్నె తీసేసి, చింతచిగురు వేసి వండిన రొయ్యలు తెచ్చి వడ్డించి, వాటి ధర మటుకే పుచ్చుకున్నాడు. రొయ్యలు చెరువులవి. లేత చింతచిగురు పులుపూ, రొయ్యల తీపీ కలిసిన ఆ కూరతో మా వాడు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నన్నడిగితే, ఈ యాత్ర మొత్తంలో మంచి భోజనం అదే. మేం బయటికి వచ్చేసరికి బల్ల మీద "పులస" అనే మాట చెరిపి ఉన్నది.

సాయంత్రానికి అంతర్వేది చేరాం. స్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళ్ళాం. మరపడవలన్నీ ఒడ్డునే కట్టి ఉన్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవటానికి ఆ గడువు. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనను మా వాడు, "తాతా, పులసలు ఎన్ని పడతాయి?" అని అడిగాడు.

"నా కుర్రతనంలో పడ్డట్టు ఇప్పుడేవయ్యా?" అన్నాడాయన. ఏటి మొగలోనే వలలు అడ్డం వేస్తే, గుడ్లతో వచ్చే చేప పైకి పోదు. సన్నకన్ను వలలో పిల్లచేపా చిక్కుతుంది. పైన గోడ ఉండనే ఉన్నది. యూరపులోనూ, అమెరికాలోనూ కొన్ని ఆనకట్టల పక్కన చేపలు ఎగిరెగిరి పైకి పోవటానికి నీటి మెట్లు కట్టారు. ఇలిష్‌ను జాతీయ మత్స్యంగా పెట్టుకున్న బంగ్లాదేశ్‌లో అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు దాన్ని పట్టటం, అమ్మటం కూడా నేరం. ఈ సంగతి చెబితే, ముసలాయన వల పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

సఖినేటిపల్లి దగ్గర పంటు ఎక్కి, నరసాపురం వైపు ఏరు దాటుతూ పూతరేకుల పెట్టె విప్పాం. సముద్రపు గాలిలోని తేమకు రేకులు కొంచెం మెత్తబడ్డాయి. మా మేనకోడలు కాలిన వేలు ఎత్తి పట్టుకుని, మిగిలిన నాలుగు వేళ్ళతో తిన్నది. మా వాడు పంటు అంచున నిలబడి, నీటి రంగు చూస్తూ, "మామయ్యా, జులైలో మాకు బడి ఉంటుంది. ఎర్రనీరు రాగానే నువ్వు ఫోను చెయ్యి," అన్నాడు.