కలము నుండి సూదికి

పచ్చబొట్టనగానే మీలో ననేకులకు మీ యవ్వల ముంజేతులు జ్ఞప్తికి వచ్చును. ఆ చేతులపై తేలుబొమ్మయో, చుక్కల ముగ్గో, పెనిమిటి పేరో యుండెడిది. ఎరుకల స్త్రీలు ఊరూర తిరుగుచు దీపపుమసిని ఆకుపసరుతో కలిపి సూదులతో పొడిచి, కూలిగా గింజలో పాతచీరయో పుచ్చుకొని పోయెడివారు. ఆ విద్యనే నేటి యువకులు పట్టణములలో టాటూ యని పిలుచుచున్నారు. నలువదియైదేండ్ల వయస్సున, వేరొక విద్యలో చేయి తిరిగిన నేను, దీనికి శిష్యుడనుగా పోయితిని. ఆ యనుభవమును, అందువలన నేను తెలిసికొన్న సంగతులను మీకు మనవి చేసెదను.

నేను శ్రీకాళహస్తిలో ఇరువదిరెండేండ్లు కలంకారీ పని చేసినవాడను. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి యారబెట్టి, చింతబొగ్గుతో చిత్తు గీసికొని, వెదురుకలముతో నల్లగీత దింపుట మా పని. ఇనుపముక్కలును బెల్లమును ఊరవేసిన కసిమి మాకు సిరా. అది కరక్కాయ పట్టిన గుడ్డపై పడినంతనే నల్లనై నిలుచును. ఎన్ని యుతుకులకును పోదు. ఇట్టి చెరగని గీతతోనే నా బ్రదుకు గడచినది. కాని మా బొమ్మలను మరపై అచ్చువేసిన గుడ్డలు అంగళ్లలో చౌకగా దొరకజొచ్చినవి. చేతిపనికి గిరాకి తగ్గెను. "చెరగని గీత నీకు చేతనైనదే కదా! గుడ్డకు బదులు చర్మమే కదా!" యని మిత్రు డొకడు సలహా చెప్పెను. నాకును అది నిజమే యని తోచినది.

హైదరాబాదులో ఈ పనియందు ప్రసిద్ధుడైన యొక యువకుని యొద్దకు నా గుడ్డలను చుట్టగట్టుకొని పోయితిని. అతడు నాకంటె పదునైదేండ్లు చిన్న. రామపట్టాభిషేకపు తెరను నేలపై పరచి చూపితిని. అతడు మోకాళ్లపై కూర్చుండి చాలసేపు చూచి, "అన్నగారూ, ఇట్టి గీత నాకు రాదు. కాని మీ కింకను సూది నీయను. ఆరు నెలలు బల్లలు తుడిచి, పాత్రలు కడిగి, నేను చేయుచుండగా చూడుడు" అనెను. ఆ మాట నాకు కష్టముగా తోచినది. ఆ రాత్రి రైలెక్కి మరలిపోవలెననియే తలచితిని. ఇంటికి పోయి యేమి చేయుదునను ప్రశ్నయే నన్నాపినది.

ఆరునెలలెందుకో నాకు క్రమముగా బోధపడినది. మన చర్మము పైపొర నిత్యము పొట్టువలె రాలుచు, ఇంచుమించుగా నెల దినములలో క్రొత్తదగుచుండును. అందులో నిలిచిన సిరా రాలిపోవును. కావున సూది దాని క్రిందిపొరకు చేరవలయును. ఆ లోతు ఒకటి మొదలు రెండు మిల్లీమీటర్లు. రూపాయినాణెపు మందమంత యనవచ్చును. తక్కువైన బొమ్మ నిలువదు. ఎక్కువైన సిరా క్రిందికి దిగి, తడికాగితముపై పడిన చుక్కవలె అలుముకొనును. లోపొరలో కావలి కాయు కణములు కలవు. అవి సిరా రేణువులను పరాయివస్తువులని మ్రింగును గాని యరిగించుకొనలేవు. ఒక కణము చచ్చి విడిచిన రేణువును మరియొక కణము మ్రింగును. 2018లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరీక్షించి యీ సంగతిని కనుగొనిరి. మన యవ్వల చేతులపై పచ్చ జీవితాంతము నిలిచిన రహస్య మిట్టిది.

ఇక బల్లలు తుడుచు మాట. సూది దిగిన చోట నెత్తు రుబుకును. ఆ నెత్తురు ద్వారా కాలేయమును పాడుచేయు హెపటైటిస్ వ్యాధులు బి, సి అనునవియు, హెచ్.ఐ.వి.యు ఒకరినుండి యొకరికి సోకవచ్చును. హెపటైటిస్ బి క్రిమి ఒడలి వెలుపల ఏడు దినములైనను బ్రదికి యుండగలదు. దానికి టీకా కలదు. సి రకమునకు లేదు. అందుచేత సూది ఒకరికి వాడినది మరియొకరికి పనికిరాదు. సిరా గిన్నెయు అట్టిదే. మరల వాడదగిన లోహపు పరికరములను ఒత్తిడిగల యావిరిలో 121 డిగ్రీల వేడిమిని కనీసము పదునైదు నిమిషము లుంచవలయును. కలంకారీలో నేను ఒకే కలమును నెలలకొలది వాడినవాడను. చేతికి మెత్తనైన కొలదియు ప్రీతి హెచ్చెడిది. ఇచ్చట ఆ యలవాటే ప్రాణాంతకము.

ఏడవ నెలలో గురువు సూది యిచ్చెను. అది చేతిసూది కాదు. విద్యుచ్ఛక్తితో నిమిషమునకు వేలసార్లు పొడుచు యంత్రము. ఎడిసన్ 1876లో పేటెంటు పొందిన విద్యుత్కలమును ఆధారము చేసికొని ఓరైలీ యనువాడు 1891లో న్యూయార్కున దీనికి పేటెంటు పొందెను. మొదట రబ్బరు తోలుపైన, పిదప పందితోలుపైన సాధన చేసితిని. గీత చక్కగా వచ్చుచుండెను. గర్వముతో నా తొడపైననే ఒక తామరరేకు గీసికొంటిని. మా కలమునకు చుట్టిన ఉన్నిని వ్రేళ్లతో నొక్కినగాని సిరా దిగదు. ఇరువదిరెండేండ్ల యా నొక్కుడు నా కెరుక లేకయే చేతిలోనికి వచ్చినది. సూది లోతుగా దిగెను. నాలుగు దినములలో ఆ గీత చుట్టును నీలిమచ్చ కమ్మినది. అది నేటికిని నా తొడపై నున్నది. గురువు చూచి, "మీ ఒడలిపై నైనది, మేలు" అని యూరకుండెను.

నా వంటివా రితర దేశములందును కలరు. డాన్ ఎడ్ హార్డీ యను అమెరికా చిత్రకారుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో రేకులపై చెక్కి అచ్చొత్తు కళను చదివి 1967లో పట్టము పొందెను. కొన్నియేండ్లు పచ్చబొట్లు వేసిన పిమ్మటగూడ, 1973లో జపాను దేశమునకు పోయి గిఫు నగరమున హోరిహిదే యను నాచార్యుని యొద్ద పనిచేసెను. ఆ దేశపు పచ్చబొట్టువారి పేర్లకు ముందుండు "హోరి" యను పదమునకు చెక్కుట యని యర్థము. చదువుకొన్న కళాకారుడే మరల శిష్యుడైనాడని విని, నా సిగ్గు కొంత తీరినది.

పాతవిద్య నాకు వ్యర్థము కాలేదు. ఎచ్చట ఖాళీ విడువవలెనో, ఏ గీత సన్నము కావలెనో, ఏ యెడ చేయి నిలుపవలెనో అదియే నేర్పినది. కాని సాగు చర్మమును రెండవచేత బిగబట్టుటయు, నొప్పికి కదలు మనిషిని కనిపెట్టి యుండుటయు అది నేర్పలేదు. గుడ్డ చెడిన మూలకు వేయుదుము, నష్టము మనది. చేయి చెడిన ఆ మనిషి దానిని చచ్చువరకు మోయును.

పదవ నెలలో నా మేనల్లుడు వచ్చి, "మామా, నా చేతిమీద నేర్చుకో, నేనేమీ అనుకోను" అనెను. నా చేయి సూదికై తహతహలాడినది. గురువు ఊరిలో లేడు. అయినను తొడపై మచ్చ చూపించి వానిని పంపివేసితిని. పదునాలుగవ నెలలో గురువే "ఇప్పుడు పిలువుడు" అనెను. వాని ముంజేతిపై రూపాయంత తామరపూవు వేయుటకు రెండు గంటలు పట్టినది. నెల గడచిన పిదప చూచితిని. గీత యెక్కడను అలుముకొనలేదు.

పెద్దలారా, మీ మనుమలు పచ్చబొట్టు వేయించుకొందుమన్నచో, తిట్టుటకు ముందు కొన్ని సంగతు లడుగుడు. సూది మా కన్నులయెదుటనే క్రొత్తపొట్లము విప్పి తీయుదురా? సిరా మా కొక్కరికే పోయుదురా? వేయువాడు ఎవరియొద్ద నెంతకాలము నేర్చెను? జాతరలో నొకే సూదితో పదుగురికి పొడుచువానియొద్దకు మాత్రము పోనీయకుడు. ఈ విద్య నేర్చుకొందు నన్నవాడు మీ యింట నున్నచో, వాడు మొదట బల్లలు తుడుచుటకు సిద్ధముగా నున్నాడా యని విచారింపుడు.